ఏడో కొట్టంలో జ్వరం

మొదటి రోజు

ఈ కొట్టాలు నడిపే మండలి వాళ్ళ యంత్రంలో రాయడానికి నాకు మూడే గళ్ళు ఇచ్చారు. మేత, బరువు, ఒంటి వేడి. ఇవాళ ఆ మూడింటిలోనూ అంకెలు సక్రమంగానే ఉన్నాయి. కానీ ఎనభై ఎనిమిదో నంబరు గొర్రె ముక్కు చుట్టూ బూడిదరంగు పొక్కు కట్టింది. అది రాయడానికి యంత్రంలో గడి లేదు. అందుకని ఈ కాగితాల పుస్తకం మొదలుపెడుతున్నాను.

నా పేరు శివలీల. మొగిలిగుట్ట మీద పదకొండు కొట్టాలున్నాయి. ఏడో కొట్టం నాది. ఇందులో రెండు వందల పద్నాలుగు నల్ల గొర్రెలు. పద్దెనిమిదేళ్ళుగా వీటిని కాస్తున్నాను. కాయడం అనే మాట ఇంకా వాడుతున్నాం కానీ, వీటిలో ఒక్కటి కూడా గుట్ట ఎక్కలేదు, వానలో తడవలేదు. పొద్దున్నే స్నానం చేసి, కొట్టం బట్టలు తొడుక్కుని, రెండు తలుపులు దాటి లోపలికి వెళ్తాను. ఆవిరి పట్టించిన జొన్నచొప్ప గొట్టంలోంచి పడుతుంది. వడగట్టిన గాలి పైనుంచి దిగుతుంది. సోమవారం సోమవారం ప్రతి గొర్రె మెడలోని కంఠికి కొత్త సీసా బిగిస్తాను. అది వేలెడంత ఉంటుంది. పదకొండు రోగాలను అడ్డుకునే మందు ఎక్కడో పెద్ద తొట్లలో తయారై ఆ సీసాలో వస్తుంది, వారమంతా చుక్కచుక్కగా ఒంట్లోకి దిగుతుంది. ఒళ్ళు కాస్త వేడెక్కితే అదే కంఠి జ్వరం తగ్గించే మందు కూడా ఎక్కిస్తుంది. అంతా బాగుంటే పచ్చదీపం, తేడా వస్తే ఎర్రదీపం.

ఎనభై ఎనిమిది మెడలో పచ్చదీపమే వెలుగుతోంది. కానీ అది పొద్దుటి నుంచి చొప్ప ముట్టలేదు.

రెండో రోజు

ఎనభై ఎనిమిది మధ్యాహ్నం చనిపోయింది. అది పడిపోయాక కూడా పావుగంట సేపు దాని మెడలో పచ్చదీపం వెలిగింది.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

పోయిన నెలలో నాలుగో కొట్టంలో ఇలాగే జరిగింది. బూడిదముక్కు అన్నారు. పాత మందులకు లొంగని కొత్త రోగమట. ఒక్క గొర్రె చనిపోయిందని అక్కడ మంద కాసే ఆవిడ మండలికి చెప్పింది. మర్నాడు పొద్దున మండలి నుంచి గ్యాసు బండి వచ్చింది. మూడు వందల ఆరు గొర్రెలు. మధ్యాహ్నానికి కొట్టం ఖాళీ. కొత్త రోగం వస్తే కొట్టం మొత్తం తీసేయాలని రూలు. ఆమె ఇప్పుడు ఎవరితోనూ మాట్లాడదు.

ఇవాళ నా దగ్గర మరో ఆరింటికి ముక్కులు బూడిదరంగు తిరిగాయి.

అప్పుడు ముప్పై ఒకటో నంబరు గొర్రె గుర్తొచ్చింది. దాని కంఠిని పక్క గొర్రె కొరికి పాడుచేసింది. కొత్తది పంపమని రాసి ఇరవై రోజులైంది, ఇంకా రాలేదు. పది రోజుల కిందట అది మేత మానేసి మూలన పడుకుంది. చెయ్యి వేస్తే పొయ్యి మీది పెనంలా కాలింది. మూడు రోజులు వణికింది. నాలుగో రోజు లేచి చొప్ప తిన్నది. ఏదో అరగక అలా అయిందనుకున్నాను. ఇవాళ దాని మూతి పట్టుకుని చూశాను. ముక్కు అంచున ఎండిపోయిన పొక్కు, దాని కింద గులాబీరంగు కొత్త చర్మం.

వెళ్ళి గుండప్ప తాతను పిలుచుకొచ్చాను. ఆయనకు ఎనభై రెండేళ్ళు. కంఠిలు రాకముందు జీవాలకు టీకాలు తయారుచేసే ల్యాబులో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. కంఠిలు వచ్చాక ల్యాబు మూసేశారు. ఇప్పుడు మా కొట్టం వెనక గదిలో ఉంటాడు. రెండు పూటలా అన్నం నేనే పెడతాను.

ఆయన ముప్పై ఒకటి భుజాల ముందు కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమాడు.

"బిళ్ళలు కట్టినయ్ బిడ్డా, నిమ్మకాయంత," అన్నాడు. "ఇది కొట్లాడి గెలిచింది. రోగం సొచ్చినప్పుడు రక్తంల ఉన్న కణాలు ఈ బిళ్ళలకాడికొచ్చి జమైతయ్. వచ్చినోడు ఎవడో గుర్తువడ్తయ్. వానికి సరిపోయే మందును ఒళ్ళే తయారు జేస్తది."

"మరి ఎనభై ఎనిమిది ఎందుకు జేయలే తాతా?"

"దాన్ని జేయనిచ్చిండ్రా? జ్వరం అంటే రోగం గాదు శివలీలా. రోగం మీద ఒళ్ళు జేసే లొల్లి. ఒళ్ళు ఉడుకుతుంటే పురుగు పెరగది, కణాలు ఉరుకుతయ్. కంఠి ఆ జ్వరాన్ని పండవెట్టింది. సీసల ఈ రోగానికి మందు లేకపాయె. ఇరవై ఆరేండ్ల సంది వీటి పరీక్షలన్నీ వేరేటోళ్ళే రాసిపెడ్తున్నరు. ఇప్పుడు కొత్త ప్రశ్న వడ్డది."

"అయితే అన్నిటికి కంఠిలు తీసేద్దామా?"

"ఒక్కదాన్ని జూసి మందను పందెంల పెడ్తవా? ఆగు."

మూడో రోజు

యంత్రానికి ఇంకా ఏమీ తెలియదు. నేను చెప్పకపోతే ఇంకో వారం దాకా తెలియదు కూడా. కానీ పక్కన ఎనిమిదో కొట్టం ఉంది, ఆరో కొట్టం ఉంది. వాళ్ళ మందలను పణంగా పెట్టి నా మందను కాపాడుకోలేను.

మా కొట్టాలు చూసే డాక్టర్ ముబీనాకు ఫోను చేశాను. ముప్పై ఏళ్ళ పిల్ల, పని మీద ప్రాణం పెడుతుంది.

"మేడం, ఏడో కొట్టంల బూడిదముక్కు వచ్చింది. ఒకటి సచ్చింది, ఆరింటికి ఉంది."

"లీలక్కా, నువ్వే చెప్తున్నవా? రేపు బండి వస్తది, తెలుసు గదా."

"తెలుసు. పక్క కొట్టాలోళ్ళు జాగ్రత్త పడాలని చెప్తున్న. నేను దాచను మేడం. కానీ ఇయ్యను."

"ఇయ్యనంటే ఏంది?"

"తలుపు లోపలికెళ్ళి గడియ పెట్టుకుంటున్న. గొర్రె బయటికి రాదు, నేను రాను. మీ గ్యాసు లోపలికి రాదు."

ఫోను పెట్టేసి, మా అక్క కూతురికి ఇంటి తాళం పంపించి, నెల రోజుల జొన్నరొట్టెల పిండి లోపల పెట్టుకున్నాను. గడియ వేయబోతుంటే గుండప్ప తాత ఒక చెక్కపెట్టె చంకన పెట్టుకుని వచ్చాడు. గాజు సిరంజీలు, పరీక్షగొట్టాలు, ఒక పాత ఫార్మలిన్ సీసా.

"నువ్వెందుకు తాతా, ఈ వయసుల."

"వంట నువ్వు జేస్తవ్. మరి టీకా ఎవలు జేస్తరు? జరుగు."

ఐదో రోజు

బండి నిన్న వచ్చింది. తలుపు కొట్టారు, మైకులో ఆజ్ఞ చదివారు, వెళ్ళిపోయారు. మంద తీసేయాలంటే తలుపు దగ్గర డాక్టరు నిలబడి సంతకం పెట్టాలట. ముబీనా జిల్లాకు వెళ్ళింది కాబట్టి ఆగారు. పోతూ పోతూ మేత గొట్టం బంద్ చేశారు. సగం సగం పెడితే నా దగ్గరున్న చొప్ప నెలరోజులు వస్తుంది.

తాత చెప్పినట్టు ఆరు రోగపు గొర్రెలకు చీటీలు వేశాను. మూడింటికి కంఠి తీశాం. మూడింటికి ఉంచాం. ఉంచిన వాటి వైపు చూడలేకపోయాను. "అట్ల ఉంచకపోతే మనకెట్ల తెలుస్తది," అన్నాడు తాత. ఆయన కూడా వాటి వైపు చూడలేదు.

తరవాత మాంసం పులుసు కాచాం. తినడానికి కాదు. ఉప్పు వేసి, మరిగించి, గుడ్డలో నాలుగుసార్లు వడకట్టి, సీసాల్లో పోసి మళ్ళీ మరిగించాం. అద్దంలా తేటగా ఉంది. ఎనభై ఎనిమిది ఊపిరితిత్తుల్లోంచి తీసిన చుక్క అందులో వేసి, పాలు తోడుపెట్టినట్టు దీపం కింద వెచ్చగా పెట్టాడు. ఇవాళ పొద్దున చూస్తే తేటనీళ్ళు తవుడు కలిపిన కుడితిలా అయ్యాయి.

"గీడ దొరికిండు," అన్నాడు తాత. "ఇప్పుడు వీణ్ణి సంపుదాం."

ఫార్మలిన్ కొలిచి పోశాడు.

ఎనిమిదో రోజు

కంఠి ఉన్న మూడూ చనిపోయాయి. చివరిదాకా వాటి ఒళ్ళు చల్లగానే ఉంది. కంఠి తీసిన మూడింటిలో ఒకటి చనిపోయింది. మిగతా రెండూ జ్వరంతో కాలిపోయాయి, వణికాయి, మూలిగాయి. ఇవాళ లేచి నిలబడ్డాయి. వాటి భుజాల ముందు బిళ్ళలు నా చేతికి తగిలాయి.

ఆ చీటీలు తీసిన చెయ్యి ఇంకా నా చెయ్యిలా అనిపించడం లేదు. కానీ ఇక ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా రెండు వందల ఆరు కంఠిలు కోసి గంపలో వేశాను. అన్నీ ఒక్కసారే ఎర్రదీపాలు వేసి కూయడం మొదలుపెట్టాయి. తాత గంప మీద గోనెసంచి కప్పాడు.

జిల్లా నుంచి తిరిగొచ్చిన ముబీనా ఆ కూత విని పరుగున వచ్చింది. అద్దం కిటికీ అవతల నిలబడింది, చేతిలో కాగితం. ఆమె వెనక ఇద్దరు మనుషులు, గ్యాసు బండి.

"అక్కా, ఏం చేసినవ్? వాటికి పదకొండు రోగాలకు కూడా రక్షణ లేకుండా అయింది."

"లేకుండా అయింది. నిజమే. అందుకే తలుపు మూసిన."

"సంతకం పెట్టమంటున్నరు. నేను పెట్టకపోతే ఇంకొకరు వచ్చి పెడ్తరు."

"పెట్టేముందు ఒకటి జూడుండ్రి డాక్టరమ్మా," అన్నాడు తాత.

ఆయన తెల్ల పింగాణీ పళ్ళెం తెచ్చి కిటికీకి ఆనించాడు. అందులో చచ్చిన పురుగులున్న పులుసు రెండు చుక్కలు వేసి ఉన్నాయి. ఒక చుక్కలో, రోగం రాని గొర్రె రక్తం పేరుకున్నాక పైన తేలిన పసుపు నీరు కలిపాడు. ఏమీ కాలేదు. రెండోదాంట్లో ముప్పై ఒకటి రక్తపు నీరు కలిపి పళ్ళెం మెల్లగా ఊపాడు. కుడితిలా మసకగా ఉన్న చుక్క పాలు విరిగినట్టు గింజలు గింజలుగా విడిపోయింది.

"ముప్పై ఒకటి రక్తంల ఉన్న మందు ఆ పురుగులను పట్టి గుంపులు గడ్తుంది," అన్నాడు. "గది ఏ తొట్ల తయారు గాలే. గొర్రె తయారు జేసింది."

ముబీనా అద్దానికి నుదురు ఆనించి చూసింది. "పుస్తకంల చదివిన," అంది నెమ్మదిగా. "కండ్లతో ఎప్పుడూ చూడలే. నేను చదివేనాటికే కంఠిలు వచ్చేసినయ్. జ్వరం వచ్చిన గొర్రెనే చూడలే అక్కా నేను."

కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"పరీక్ష నడుస్తుందని రాస్త. ఇరవై రోజులు. అంతకన్న ఎక్కువ ఆపలేను."

"మీ నౌకరీ?"

"అది నేను చూసుకుంట. మీరు లోపలి సంగతి చూడండి."

తొమ్మిదో రోజు

ఫార్మలిన్ పోసిన పులుసులోంచి ఒక చుక్క కొత్త పులుసులో వేసి రెండు రోజులుగా చూస్తున్నాం. తేటగానే ఉంది. అంటే పురుగులన్నీ చచ్చాయి. చచ్చిన పురుగు రోగం తేలేదు, కానీ దాన్ని చూసి ఒళ్ళు ఆ పురుగు ముఖం గుర్తుపెట్టుకుంటుంది.

తాత చేతులు వణుకుతాయి కాబట్టి సూది నేను వేశాను. ఆయన తలలు పట్టుకున్నాడు. కోలుకున్న మూడింటినీ వదిలి రెండు వందల ఆరు. సాయంత్రానికి నా బొటనవేలు వాచింది. చాలా వాటికి కాస్త ఒళ్ళు వెచ్చబడింది. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి మందకు జ్వరం వచ్చిందని సంతోషించాను.

పదహారో రోజు

ఇది రాయకూడదనుకున్నాను. రాస్తాను.

ఈ వారంలో ముప్పై మూడు చనిపోయాయి. సూది వేసిన వాటిలోనే. పొద్దున లేవగానే ముందు ముక్కులు చూస్తాను, తరవాత గొయ్యి తవ్వుతాను. కొట్టం చివర గచ్చు పగలగొట్టి, సున్నం చల్లి పూడుస్తున్నాం. నిన్న వరసగా తొమ్మిది. ఇవాళ పార విసిరేసి తాత మీద అరిచాను.

"నీ టీకా పని జేస్తలేదు. నాలుగో కొట్టంల ఒక్క పూటల సచ్చినయ్. ఇక్కడ దినదినం సస్తున్నయ్. ఇదేనా నేను జేసిన మేలు?"

ఆయన కోప్పడలేదు. పార తీసుకుని, ఊపిరి అందకపోయినా నాలుగు పెళ్ళలు తవ్వాడు. అప్పుడు అన్నాడు.

"సూది వెయ్యంగనే ఒళ్ళు నేర్వది బిడ్డా. వారం పది దినాలు వడ్తది. అంతలో రోగం ముందుగాల సొచ్చిన వాటిని నేను ఆపలేను. అబద్ధం జెప్పలేను నీకు. కానీ లెక్క నువ్వే జూడు. మొన్న పదకొండు, నిన్న తొమ్మిది. ఇయ్యాల?"

ఇవాళ రెండు.

ఇరవై ఒకటో రోజు

అయిదు రోజులుగా ఒక్కటీ చావలేదు. ఎక్కడ చెయ్యి పెట్టినా భుజాల ముందు బిళ్ళలు. నూట డెబ్బై ఆరు గొర్రెలను ఒక్కొక్కదాన్నీ తడిమాను. తడిమి, గడ్డివామి పక్కన కూర్చుని చాలాసేపు ఏడ్చాను. తాత చూసి చూడనట్టు రొట్టె కాల్చాడు. మాడ్చాడు.

ఇరవై మూడో రోజు

పొద్దున యాభై ఏడు ఈనింది. ఆడపిల్ల.

ఈనిన గొర్రె పిల్లను నాకకముందే దాన్ని ఎత్తుకెళ్ళి పక్క గదిలో పెట్టాలి. డబ్బాపాలు పట్టాలి. మెడకు చిన్న కంఠి వేయాలి. తల్లి పొదుగులోని ముర్రుపాలను పిండి పారబోయాలి. ఇది రూలు. చేతులు అలవాటుగా ముందుకు వెళ్ళాయి. వెనక్కి తీసుకున్నాను.

"ఆగు, అది తాగకముందే చుక్క రక్తం కావాలె," అన్నాడు తాత. పిల్ల చెవి నుంచి తీశాడు. ఆ తరవాత వదిలేశాం. అది మూడుసార్లు పడి, నాలుగోసారి పొదుగు అందుకుంది. పసుపుపచ్చని చిక్కటి పాలు మూతి అంచుల నుంచి కారాయి.

ఇరవై నాలుగో రోజు

ముబీనా వచ్చింది. గొర్రెల ముక్కుల్లో తిప్పిన దూదిని గొట్టాల్లో మూసి, పైన శుద్ధిమందు పూసి మేం బయటికి పంపితే, ఆమె వాటిని పట్నంలో పరీక్షించిందట. నూట డెబ్బై ఆరింటిలో ఒక్కదాని ముక్కులోనూ రోగం లేదు.

తాత పళ్ళెం కిటికీకి ఆనించాడు. పిల్ల పాలు తాగకముందు తీసిన రక్తపు నీరు కలిపిన చుక్క అలాగే ఉంది. ఇవాళ పొద్దున తీసిన దానితో కలిపిన చుక్క విరిగింది.

"ఒక్క దినంల?" అంది ముబీనా.

"కడుపుల ఉన్నప్పుడు గొర్రెపిల్లకు ఏమీ రాదమ్మా. తల్లి నేర్సుకున్నదంత తొలి పాలల్లనే వస్తది. ఆ ఒక్క దినమే పిల్ల పేగు దాన్ని లోపలికి తీస్కుంటది. తెల్లారినంక తలుపు వడ్తది. మళ్ళ తెరవదు."

నేను అక్కడ నిలబడలేక పక్కకు వెళ్ళాను. పద్దెనిమిదేళ్ళు ఆ పాలను నా చేత్తోనే మోరీలో పారబోశాను.

ఇరవై ఏడో రోజు

మండలి నుంచి జవాబు వచ్చింది. ముబీనా ఫోనులో చదివి వినిపించింది. మంద తీసేయాలన్న ఆజ్ఞ రద్దు. అయితే రేపు మధ్యాహ్నంలోగా అన్ని గొర్రెలకూ కొత్త కంఠిలు బిగించాలి. కొత్తగా పుట్టిన పిల్లలను తల్లుల నుంచి వేరుచేయాలి. మిగిలిన టీకా సీసాలు, తయారీ కాగితాలు అప్పగించాలి. ముబీనా సంతకం ఇకపై చెల్లదు.

"వాళ్ళు బతకనిచ్చిండ్రు అక్కా," అంది. "అది చిన్న విషయం గాదు. ఆలోచించు."

"వాళ్ళు బతకనియ్యలే మేడం. ఇవే బతికినయ్."

ఆమె చిన్నగా నవ్వింది. ఇప్పుడు ఉద్యోగం లేదు కదా, ఎక్కడుంటారని అడిగాను. ఎనిమిదో కొట్టంలో ఉన్నానంది. పులుసు ఎంతసేపు మరిగించాలో, ఫార్మలిన్ ఎన్ని చుక్కలో తాతను అడిగి రాసుకుంది. ఆరో కొట్టం, తొమ్మిదో కొట్టం వాళ్ళు కూడా ఆమె ఫోనులోనే వింటున్నారట. నాలుగో కొట్టం ఆవిడ కూడా వచ్చి కూర్చుందట. ఒక్క మాట మాట్లాడలేదట కానీ, కాగితం మీద మొత్తం రాసుకుందట.

ఇరవై ఎనిమిదో రోజు

మండలికి పంపిన జాబు ఇక్కడ నకలు రాస్తున్నాను.

"ఏడో కొట్టంలో చనిపోయినవి ముప్పై ఎనిమిది. ఉన్నవి నూట డెబ్బై ఆరు, పిల్లలు ఏడు. చనిపోయిన వాటిలో మూడింటి చావుకు నేను బాధ్యురాలిని. ఆ మాట ఎవరడిగినా చెప్తాను. కంఠిలు బిగించను. పిల్లలను విడదీయను. మందు వద్దని మేం అనడం లేదు. మీ పదకొండు రోగాలకు టీకాలు చేసి పంపండి, చేతులెత్తి దండం పెట్టి వేస్తాం. వీటికి నేర్పే మందు పంపండి. వీటిని ఏమీ నేర్వనివ్వని మందు ఈ తలుపు దాటి రాదు. టీకా కాగితాలు అప్పగించమన్నారు. అవి ఇప్పటికి నాలుగు కొట్టాల్లో ఉన్నాయి. ఎవరిని అడగాలో మీరే చూసుకోండి. ఇట్లు, శివలీల."

మధ్యాహ్నానికి ముందు తాతా నేనూ వెనక తలుపు మేకులు పీకాం. అది తెరుచుకోగానే గుట్ట మీద నుంచి ఎర్రమట్టి వాసనతో గాలి కొట్టింది. గొర్రెలన్నీ గుమ్మం దగ్గర ఆగిపోయాయి. వాటి గిట్టలకు గచ్చు తప్ప మరేమీ తెలియదు. ముప్పై ఒకటిని ముందుకు తోశాను. అది మట్టి వాసన చూసి, తల వెనక్కి లాక్కుని, గట్టిగా తుమ్మింది. వెనకాల ఇంకొకటి తుమ్మింది. కాసేపట్లో మందంతా తుమ్ముతూ, తలలు విదిలిస్తూ, ముక్కులు చీదుతూ నిలబడింది.

నేను కంగారుపడి తాత వైపు చూశాను.

"తుమ్మనియ్," అన్నాడు ఆయన, గుమ్మంలో కూర్చుని మోకాళ్ళు రుద్దుకుంటూ. "ముక్కు దాని పని అది జేస్తుంది."

ముందు గేటు దగ్గర మండలి బండి హారన్ కొడుతూనే ఉంది. ముప్పై ఒకటి గడ్డి కొరికింది. మేం గుట్ట ఎక్కాం.